చలిమిడి పట్టుకొచ్చిన మంత్రి

చాప మధ్యన బొగ్గుతో గీత గీసిందెవర్రా? ఇటు నాది, అటు నీదా! ఒళ్ళు మండిపోతోంది నాకు. పడుకోండి ఇద్దరూ. ఊ కొట్టకపోయారో, కథ ఆపేస్తాను.

అనగనగా ఒక దేశం. పరాయి దొరలు అప్పుడే మూటాముల్లే సర్దుకుని పోయారు. పోయారు కదా, హాయిగా కలిసుండొద్దూ? ఎక్కడికక్కడ చిన్నచిన్న రాజులు, మా గోడ మాది, మా గేటు మాది అని కూర్చున్నారు. అందరినీ కలిపి ఒక్క దేశం చెయ్యమని గవరయ్య మంత్రిని పంపారు. ఆయనకి కోపం ముక్కు మీదే ఉంటుంది. అయినా గడపగడపకీ తిరిగి, బతిమాలి, కసిరి, అందరినీ ఒప్పించాడు. మిగిలిందల్లా గట్టుపాలెం రాజు. గేటుకి తాళం వేసి, అవతల పుట్టినవాడెవడూ ఇక లోపలికి రాకూడదని చట్టం చేశాడు, చచ్చినోడు!

ఊ కొడుతున్నారా?

మంత్రి వెళ్ళి గేటు తియ్యమంటే, తాళంచెవి లేదన్నాడు కాపలావాడు. తాళంచెవి ఏదిరా అంటే, రాజుగారి మొలలో ఉందన్నాడు. రాజుగారేరీ అంటే, నిద్రపోతున్నారన్నాడు. పట్టపగలు నిద్రేమిటంటే, గేటు ఎవరు తీస్తారోనని రాత్రంతా మేలుకున్నారన్నాడు. మంత్రి పళ్ళు పటపట కొరికాడు. ఫిరంగులు తెప్పించమంటారా అని సేనాపతి అడిగితే, ఆ కోపమంతా అతని మీదే చూపించాడు. లోపల మన ఆడపిల్ల కడుపుతో ఉందయ్యా, దాని నెత్తిన గుండ్లు వేస్తావా అని కడిగేశాడు.

ఆ పిల్ల మంగతాయి, రాజుగారి కోడలే. పుట్టిల్లు గేటుకి ఇవతల. తొలిచూలు. గేటు మూసిన దగ్గర్నుంచి అమ్మని చూడలేదు పాపం.

మర్నాడు మంత్రి పళ్ళెం నిండా చలిమిడి, పసుపు, రవికెల గుడ్డ పట్టుకుని ఒక్కడే వచ్చాడు.

"పిల్లకి అన్నవరసవాణ్ణి, చలిమిడి పెట్టాలి" అన్నాడు.

కడుపు చల్లగా ఉండాలని పుట్టింటివాళ్ళు తెచ్చేది, తిప్పి పంపుతారర్రా ఎవరైనా? రాజు గొణుక్కుంటూ తాళం తీశాడు.

మంగతాయి చలిమిడి ముద్ద నోట్లో పెట్టుకుని భోరున ఏడ్చింది. ఆపైన మామగారి మీద విరుచుకుపడింది. తొలి పురుడు పుట్టింట్లోనేనా కాదా అని అడిగింది. అవునమ్మా, అది మన ఆచారం అన్నాడు రాజు.

"అయితే నా బిడ్డ అవతల పుడతాడు. అవతల పుట్టినవాణ్ణి రానివ్వనని చట్టం చేసింది మీరేగా? మీ మనవణ్ణి గేటు దగ్గర ఆపేదెవరు మామగారూ, కాపలావాడా, మీరా?"

మంత్రి, దేశంలో కలుస్తామని రాసిన కాగితం తీసి పళ్ళెం పక్కన పెట్టాడు. రాజు ముందు తాళంచెవి కోడలి చేతిలో పెట్టాడు, తర్వాత సంతకం పెట్టాడు. ఈ బుద్ధి ముందే ఉండి ఏడవొచ్చుగా అని మంత్రి అననే అన్నాడు!

ఒక్క గుండు పేల్లేదు. గేటు పీకి, ఆ చెక్కతోనే మనవడికి ఉయ్యాల చేయించారు. అందరూ సుఖంగా ఉన్నారు.

గీత గియ్యడం ఏ వెధవకైనా వచ్చు, చెరపడానికే మనిషి కావాలి. కథ కంచి దారి పట్టింది. మీరు లెండి, తడిగుడ్డ అదిగో, ఆ గీత తుడవండి. ఇద్దరికీ ఇవాళ ఒక్కటే దుప్పటి.