మోదుగాకుల కింద కథ

తేటవాగు అడవిలో ఎలుగుబంటి, ముంగిస, ముళ్లపంది, నక్క, దుప్పులు, ఇంకా ఎన్నో జీవులు ఉండేవి. అన్నింటికీ పనులే. వేసవి వస్తే నీళ్ల వెతుకులాట. వానలు వచ్చేలోపు బొరియల మరమ్మతు. మధ్యలో పిల్లల పెంపకం. ఆ అడవిలో ఎవరిని పలకరించినా ముందు ఒక నిట్టూర్పు వచ్చేది, ఆ తర్వాతే మాట వచ్చేది.

వాటికి ఉన్న సుఖం ఒక్కటే. వాగు ఒడ్డున పెద్ద ఇసుక తిన్నె ఉండేది. మడుగులో ఉండే ముసలి తాబేలు రోజూ పొద్దున్నే పైకి వచ్చి, తడి ఇసుక మీద గోటితో ఒక కథ రాసేది. రోజుకో చోట రాసేది. నీళ్లు తాగడానికి వచ్చిన జంతువులు ఆ కథ చదువుకుని వెళ్లేవి. ఎండ ఎక్కేసరికి ఇసుక ఆరిపోయి, గాలికి రాత చెరిగిపోయేది. ఒకసారి రాసిన కథను తాబేలు మళ్లీ రాసేది కాదు, నోటితో చెప్పేదీ కాదు. దాని పద్ధతి అది.

ఆ అడవిలో ఉగాది నాడు ఒక ఆచారం ఉండేది. వేపపూత నమిలాక ఒక్కొక్కరూ నల్లబండ ఎక్కి, ఈ ఏడు ఏం చేస్తారో అందరి ముందూ చెప్పాలి. మాట తప్పితే మళ్లీ ఉగాది దాకా అందరూ ఏడిపిస్తారు. ఆ భయంతోనైనా పనులు జరుగుతాయని పెద్దల ఆలోచన. జరగవని ఆ పెద్దలకూ తెలుసు.

ఆ ఏడు ముందుగా నక్క బండ ఎక్కింది. ఇక వేటా గీటా మానేసి, పొద్దస్తమానం తిన్నె మీదే కూర్చుని కథలు చదువుకుంటానంది. వారం తిరగకుండానే ఆకలేసి పీతల వెంట పడింది. ఆరంభశూరత్వం నక్కకు కొత్త కాదు కాబట్టి ఎవరూ పెద్దగా ఏడిపించలేదు.

తర్వాత తాబేలు ఎక్కింది. అది బండ మీదికి చేరేసరికి సగం సభ కునికిపాట్లు పడుతోంది. మడుగు వేసవికి ఎండిపోతోందనీ, ఇంకో వేసవిని ఈ ఒళ్లు తట్టుకోలేదనీ, తొలకరి వరద రాగానే దానితో పాటే పెద్ద నదికి వెళ్లిపోతాననీ చెప్పింది. అందరికీ నిద్ర వదిలింది.

తాబేలు ముంగిస వైపు తిరిగింది. "వెళ్లేలోపు ఒక రోజు మీ అమ్మ కథ రాసిపెడతాను నాయనా" అంది.

ముంగిసకు తల్లి తెలియదు. కళ్లు తెరవకముందే తల్లి పోయింది. ఆమె బొచ్చు వాసన ఒక్కటే ఎక్కడో గుర్తుంది. అమ్మ ఎలా ఉండేదని ఎవరినడిగినా "మంచిది, పాపం" అని ఊరుకునేవారు. ఆ రెండు మాటలతోనే ముంగిస పెరిగింది. అందుకని తాబేలు అలా అనగానే అది లేచి బండకు దగ్గరగా వచ్చి నిలబడింది.

ఇప్పుడు బండ ఎక్కాల్సింది ముంగిసే. అది ఎలుగుబంటి దగ్గర వైద్యం నేర్చుకుంటోంది. వానలకు ముందే పరీక్ష. దాని బొరియ కూడా కిందటి వానలకు సగం కూలిపోయి ఉంది. ముంగిస బండ ఎక్కింది.

"నా చదువు, నా పని పూర్తయ్యేదాకా ఒక్క కథ కూడా చదవను. అలాగని ఒక్కటీ పోనివ్వను. ఏ రోజు కథ ఆ రోజు ఆకులు కప్పి దాస్తాను. అన్నీ అయ్యాక తీరిగ్గా కూర్చుని చదువుకుంటాను. మీరందరూ అప్పుడే వచ్చి చదువుకోవచ్చు" అంది.

సభ అంతా మెచ్చుకుంది. పట్టుదల అంటే ఇలా ఉండాలని ఎలుగుబంటి తన శిష్యుణ్ణి పొగిడింది. ముంగిస ఛాతీ ఉబ్బింది.

ఆఖరున ముళ్లపంది వచ్చింది. అదీ ఎలుగుబంటి శిష్యురాలే. పైగా ఇంట్లో ఇద్దరు పిల్లలు. "నీళ్లు తాగినంతసేపు చదువుతాను" అని చెప్పి దిగిపోబోయింది. ఇదేం ప్రతిన అని అందరూ నవ్వారు. అంతకంటే తనవల్ల కాదని ముళ్లపంది ఒప్పుకుంది.

మర్నాటి నుంచి ముంగిస అన్నంత పనీ చేసింది. తాబేలు కథ ముగించి మడుగులోకి దిగిన కాసేపటికే మోదుగాకులతో వచ్చేది. ఒక్క అక్షరమైనా కంట పడకుండా మొహం పక్కకు తిప్పుకుని, ఆకులు పరిచి, గాలికి ఎగరకుండా చుట్టూ రాళ్లు పెట్టేది. పొద్దెక్కి వచ్చిన దుప్పులకు ఆకులే కనిపించేవి. అవి గొణుక్కుంటూ నీళ్లు తాగి వెళ్లేవి.

తెల్లవారగానే వచ్చి, ఆకులు కప్పేలోపే చదువుకునే ముళ్లపందికి ఇది నచ్చలేదు. ఇసుక ఆరితే రాత నిలవదని ఒకసారి మెల్లగా చెప్పి చూసింది. ముంగిస నవ్వి, ముందురోజు ఆకును కొద్దిగా ఎత్తి చూపించింది. కింద ఇసుక ఇంకా తడిగానే ఉంది. రాతా అలాగే ఉంది. దాంతో ముంగిసకు ధీమా వచ్చింది. మళ్లీ ఎత్తి చూడలేదు.

"అయినా రోజూ కాస్త చదువుకుంటే ఏం పోయింది తమ్ముడూ?" అంది ముళ్లపంది.

"అక్కా, అందులో మా అమ్మ కథ ఉంటుంది. దాన్ని నిద్ర కళ్లతో, సగం మనసుతో చదవమంటావా? అన్ని పనులూ అయ్యాక స్నానం చేసి, నెమ్మదిగా కూర్చుని చదువుతాను."

ఆ పిల్లాడి మనసు ముళ్లపందికి అర్థమైంది.

ఎండలు ముదిరాయి. ముంగిస పొద్దున వేర్లు తవ్వేది, మధ్యాహ్నం వాటి పేర్లు వల్లించేది, సాయంత్రం బొరియ మట్టి ఎత్తేది. కథలు చదివినప్పుడు దొరికే ఆ కాస్త విశ్రాంతి కూడా లేకపోవడంతో దాని బుర్ర మొద్దుబారింది. ఒకే ఆకు పేరు పదిసార్లు చదివినా ఎక్కేది కాదు. ఎక్కట్లేదని ఇంకాసేపు చదివేది. ముళ్లపందీ అలసిపోయేది. కానీ పొద్దున నీళ్లు తాగుతూ చదివిన కథ ఏదో ఒకటి పగలంతా తలలో ఆడుతూ ఉండేది. పిల్లలకు తినిపిస్తూ తనలో తానే నవ్వుకునేది.

పరీక్షకు ముందురోజు ముళ్లపంది పరుగున ముంగిస దగ్గరికి వచ్చింది. "ఈ రోజు రాసింది మీ అమ్మ కథే. పద, వెళ్లి చదువుకో. అందులో..."

ముంగిస రెండు చెవులూ మూసుకుంది. "చెప్పకక్కా. నేనే చదువుకోవాలి."

అది తిన్నె దగ్గరికి వెళ్లింది. పొద్దున తాను కప్పిన ఆకుల ముందు నిలబడింది. రాయి మీద చెయ్యి కూడా వేసింది. ఎదురుగా అమ్మ ఉంది. కానీ ఇప్పుడు చదివితే ఏడుపొస్తుందేమో, రేపు పరీక్ష. మాట తప్పావని నక్క సైతం ఏడిపిస్తుంది. పైగా ఒళ్లంతా నొప్పులు, కళ్లు మంటలు. ఇంతకాలం ఆగినవాణ్ణి ఇంకొక్క రోజు ఆగలేనా అనుకుని చెయ్యి తీసేసింది.

మర్నాడు పరీక్షలో ముంగిస మొదటి స్థానంలో నిలిచింది. ముళ్లపంది దాని వెనకే నెగ్గింది. ఎలుగుబంటి ఇద్దరికీ వేర్ల సంచులు ఇచ్చింది. ముంగిస సంచి పట్టుకుని నిలబడి, సంతోషం వస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది. సంతోషం రాలేదు. నిద్ర వచ్చింది.

ఇక కథలు చదువుకోవచ్చు కదా అంటే, బొరియ పని మిగిలి ఉంది. బొరియ అయ్యేసరికి రోగులు మొదలయ్యారు. కాలు బెణికిన దుప్పి, కడుపునొప్పి కుందేలు, ఏ జబ్బూ లేకుండా కబుర్లకు వచ్చే నక్క. ఈ ఒక్కరూ అయిపోతే వెళ్తాననుకునేది ముంగిస. ఒకరు వెళ్తే ఇంకొకరు వచ్చేవారు. తీరిక ఎటు నుంచి వస్తుందో ఆ దారి వైపు చూస్తూనే అది మందులు నూరింది.

ఒకరోజు ఎగువ గుట్టల మీద ఉరుము వినిపించింది. ముంగిస చేతిలో ఉన్న రోకలి వదిలేసి తిన్నెకు పరుగెత్తింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని పెద్దలు అంటారు. పాపం, మన ముంగిస ముందు నుంచీ ఆకులే పట్టుకుంది. ఒక్కొక్కటే ఎత్తి చూసింది. కొన్ని ఆకులకు చెదలు పట్టాయి, కొన్ని చేతిలోనే పొడి అయ్యాయి. వాటి కింద ఇసుక ఎండి, జారి, చదునుగా పడి ఉంది. ఒక్క అక్షరం లేదు. పరీక్షకు ముందురోజు తాను చెయ్యి వేసిన రాయిని గుర్తుపట్టి, దాని పక్క ఆకులను ఆఖరున ఎత్తింది. అక్కడా అంతే.

అది మడుగు వైపు పరుగెత్తి, "అవ్వా, అవ్వా" అని పిలిచింది. జవాబు రాలేదు. వాగులో ఎర్రనీళ్లు పొంగుతున్నాయి. ఒడ్డున ముళ్లపంది ఒక్కతే నిలబడి ఉంది.

రాత్రి గుట్టల మీద కురిసిన వానకు ఆ పొద్దునే వరద వచ్చిందట, తాబేలు దానితో వెళ్లిపోయిందట. వెళ్తూ వెళ్తూ, ముంగిస కథ చదివాడా అని అడిగిందట. దాచుకున్నాడని ముళ్లపంది చెప్పిందట. అవ్వ చాలాసేపు ఆ ఆకుల వైపే చూసి నీళ్లలోకి దిగిందట.

ముంగిస ఇసుకలో కూలబడి ఏడ్చింది. ఎన్నాళ్లుగానో ఏడవడానికి కూడా దానికి తీరిక దొరకలేదు. ముళ్లపంది పక్కనే కూర్చుని, ఏడుపు తగ్గాక తాను చదివింది చెప్పింది.

తల్లి ముంగిసకు కాస్త బద్ధకమట. బొరియ తవ్వుతూ తవ్వుతూ సగంలో వదిలేసి, పిల్లను వీపు మీద వేసుకుని తిన్నెకు వచ్చేదట. బోర్లా పడుకుని తాబేలు రాసిన కథను పైకి చదివేదట. కళ్లయినా తెరవని పిల్లకు ఏం అర్థమవుతుందని ఎవరైనా అడిగితే, "నాకు అర్థమవుతోంది కదా" అని నవ్వేదట. ఆ వేసవిలోనే గుట్ట మీద కార్చిచ్చు లేచింది. తల్లి పిల్లను నోట కరుచుకుని వాగు దాకా పరుగెత్తింది. వాగుకు అవతల ఒడ్డున కూడా మంటలే ఉన్నాయి.

ముళ్లపంది అక్కడ ఆగిపోయింది.

"ఆ తర్వాత?" అంది ముంగిస.

"అక్కడిదాకా చదివేసరికి మా చిన్నది నీళ్లలోకి జారింది. దాన్ని పైకి లాగి తిరిగి వచ్చేసరికి నువ్వు ఆకులు కప్పేశావు తమ్ముడూ."

"తీసి చూడాల్సింది కదా అక్కా."

"మీ అమ్మ కథ కదా. ముందు నువ్వే చదవాలనుకున్నాను."

ఆ కథ మిగతా సగం ఇంకెవరూ చదవలేదు. చదవడానికి వచ్చిన దుప్పులకు ఆ రోజూ ఆకులే కనిపించాయి.

వానలు వెలిశాయి. వరద తెచ్చిన కొత్త ఇసుకతో తిన్నె మళ్లీ తయారైంది. ఇప్పుడు ముంగిస రోజూ పొద్దున్నే అక్కడికి వస్తుంది. రోగులు ఎదురుచూస్తున్నా సరే, కాసేపు కూర్చుని గోటితో తల్లి కథ రాస్తుంది. నీళ్లు తాగుతూ ముళ్లపంది, దాని పిల్లలు చదువుతారు. కథ అవతలి ఒడ్డు మంటల దగ్గర ఆగిపోతుంది.

"తర్వాత ఏమైంది మామా?" అని చిన్నపిల్ల అడుగుతుంది.

"చదవలేదమ్మా" అంటుంది ముంగిస. ఆ రాత మీద అది ఇక ఆకులు కప్పదు.

నీతి: తీరిక దొరికాక చదువుదామని కథను దాచుకుంటే తీరికా రాదు, కథా మిగలదు కాబట్టి పనుల మధ్యే, నీళ్లు తాగినంతసేపైనా, మనసుకు నచ్చింది చదువుకోవాలి.