నూనె తాగిన ఆపుచెక్క

అనగనగా, ముత్తవ్వలకు ముత్తవ్వలు కూడా పుట్టని కాలంలో, మబ్బుల్లో మునిగిన ఒక కొండ ఉండేది. ఎండ అక్కడికి చుట్టపుచూపుగా వచ్చి, మంచినీళ్లయినా తాగకుండా వెళ్లిపోయేది. జంతువుల ఇళ్లన్నీ కొండ మీద, బడి మాత్రం కొండ కింద. బడి ఎక్కడ కట్టాలని అడిగినప్పుడు ఎలుగుబంటి రాజుగారు నిద్రలో ఉన్నారట. నిద్రలోనే అటు చెయ్యి చాపారట.

పిల్లలు నడవలేక ఏడుస్తున్నారని విని, రాజుగారు ఒక్కొక్కరికి ఒక మూడు చక్రాల బండి పంపించారు. కూర్చోవడానికి ఒక పలక. పక్కన కాలితో నొక్కే ఆపుచెక్క. నొక్కితే అది చక్రాన్ని ఒరుసుకుంటుంది, బండి ఆగుతుంది.

ఆ కొండ మీద ఒక ఆనవాయితీ ఉంది. కొత్త వస్తువు ఏది వచ్చినా నూనె రాసి బొట్టు పెట్టాలి. ఎంత గౌరవమో అంత నూనె. ప్రాణం కాపాడేది ఆపుచెక్కే కదా అని, ఊరి పెద్దమ్మ గొర్రె ఉన్నమ్మ దానికి గిద్దెడు పట్టించింది. తల్లులందరూ ఆమె వెనకే పట్టించారు. గొర్రె ముందు నడిస్తే మిగతావాళ్లు ఆలోచించడం ఆ కొండ మీద మర్యాద కాదు.

బడి పంతులు చీమలు తిని బతికే ఒక అలుగు. పేరు పొలుసయ్య. ఒళ్లంతా గట్టి పొలుసులే. కానీ ఎవరైనా గొంతు పెంచితే చాలు, చుట్టుకుని బంతి అయిపోయేవాడు. నూనె రాసిన చెక్క జారుతుందని అతనికి ఆ రోజే తెలుసు. నలుగురితో మాట ఎందుకని, తనూ ఒక వేలు ముంచి రాశాడు.

మొదటి వారం గెంతుడు అనే మేకపిల్ల కొండదారి మలుపులో ఆపుచెక్క నొక్కాడు. బండి ఆగలేదు. ఆ మలుపుకు ఒక పక్క ముళ్లపొద, ఇంకో పక్క లోయ. అదృష్టం ముళ్ల వైపు ఉంది.

"దిష్టి!" అంది ఉన్నమ్మ. ఇంకాస్త నూనె రాయించింది.

రెండో వారం కోతిపిల్ల బండి బండరాయికి కొట్టుకుంది. కాలు విరిగింది. తల్లికోతి మూడు రోజులు చెట్టెక్కలేదు, ఎవరినీ వెక్కిరించలేదు. అప్పుడు గానీ ఊరికి భయం పుట్టలేదు.

అందరూ కూడారు. పొలుసయ్య లేచి నిలబడ్డాడు.

"ఉన్నమ్మ వదినా, ఆ నూనె తుడిపించండి. చెక్క జారుతోంది."

"మొదటి రోజు నువ్వూ రాశావుగా పంతులూ! అప్పుడు నీ నోటినిండా చీమలున్నాయా?"

అందరూ నవ్వారు. చుట్టుకుపోవాలని పొలుసయ్య వెన్ను లాగింది. అతను చుట్టుకోలేదు.

"రాశాను. జారుతుందని తెలిసే రాశాను. ఆ పిల్లవాడి కాలు విరగడంలో నా వేలూ ఉంది."

నవ్వు ఆగింది. నూనె ఆగలేదు. ఆనవాయితీ కదా.

మర్నాటి నుంచి పొలుసయ్య లెక్కలు పక్కన పెట్టాడు. ఆపుచెక్కను బూడిదతో రుద్దడం నేర్పాడు. తలకు ఎండు సొరబుర్ర కట్టుకోవడం నేర్పాడు. మలుపు రాకముందే దిగి, బండిని చేత్తో నడిపించుకుపోవడం నేర్పాడు. సాయంత్రం పిల్లలు బూడిద రుద్దేవారు. పొద్దున్నే తల్లులు నూనె రాసేవారు. రోజూ మలుపు దగ్గర నిలబడి కాపు కాయడం తప్ప పంతులుకు ఇంకో దారి లేకపోయింది.

మూడో వారం ముసురు పట్టింది. మంచులో చెయ్యి చాపితే చెయ్యి కనబడదు. కుందేలుపిల్ల జాజికి బడివేళ దాటిపోయింది. ఎక్కడ దిగాలో కనబడలేదు.

"పంతులుగారూ! ఆగట్లేదు!"

చక్రాల చప్పుడు లోయ వైపే వస్తోంది. పొలుసయ్య పరుగెత్తి, లోయ అంచున అడ్డంగా చుట్టుకుని పడుకున్నాడు. బండి వచ్చి అతని వీపును గుద్దింది. జాజి ఎగిరి గట్టు మీద పడింది. తల మీది సొరబుర్ర రెండు ముక్కలైంది. తల మిగిలింది. బండి లోయలోకి పోయింది. అది అడుగున పడిన చప్పుడు వినబడడానికి చాలాసేపు పట్టింది.

పొలుసయ్య బతికాడు. వెన్ను మాత్రం మళ్లీ వంగలేదు. ఇక ఎప్పటికీ చుట్టుకోలేడు.

ఉన్నమ్మ నూనె గిన్నెతో వచ్చి అతని పక్కన కూలబడింది.

"దెబ్బకు రాయండి వదినా, మంచిదే," అన్నాడు పొలుసయ్య. "చెక్కకే వద్దు."

ఉన్నమ్మ నూనె గిన్నె అతని పక్కనే వదిలేసింది. ఆమె చేతిలోంచి గిన్నె దిగడం ఆ కొండ మీద అదే మొదలు. లేచి ఇంటింటికీ వెళ్లి, ప్రతి ఆపుచెక్కనూ తన ఒంటి ఉన్నితోనే తుడిచింది. ఆ మరకలు ఎంత వానకూ పోలేదు. కోతిపిల్ల విరిగిన కాలూ అతకలేదు.

అందుకే పిల్లలూ, బండి ఎక్కేముందు అది ఆగుతుందో లేదో చూసుకోవాలి. ఆగదని తెలిసినవాడు ఎవరు నవ్వినా సరే, ఆ మాట మొదటి రోజే చెప్పాలి.