పోలమ్మ విరిచిన జొన్నదంటు

అనగనగా, కొండలకు ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, ఒక ఊళ్లో పోలమ్మ అని ఒకావిడ ఉండేది. విరిగిన ఎముకలకు కట్లు కట్టేది. వెదురుబద్దలు, కోడిగుడ్డు సొన, మినప్పిండి, పాత చీర పేలికలు, ఇంతే ఆవిడ సరంజామా. హస్తవాసి మంచిది. నోరు మాత్రం నిప్పు. నిప్పు కాక ఏమవుతుంది? చెప్పిన మాట ఒక్కరూ వినేవారు కాదు.

ఒకనాడు ఒక పిల్లాడు దొడ్డిగోడ మీంచి పడ్డాడు. పోలమ్మ చెయ్యి తడిమి చూసింది. "రెండు ముక్కలు కాలేదే అమ్మా. పచ్చి వేపపుల్లలా వంగి ఒక పక్క చీలింది. కట్టు కదపకు," అంది. తల్లి ఊరుకుంటుందా? పిల్లాడు ఏడ్చాడని మూడుసార్లు విప్పింది. పోలమ్మ మూడుసార్లూ తిట్టి మళ్లీ కట్టింది. లేత ఎముక కాబట్టి నెలకే అతుక్కుంది.

ఇంకోనాడు కల్లుగీసే సన్నాసి తాటిచెట్టు మీంచి జారాడు. కాలి ఎముక ఎండు వెదురులా ఫట్టున రెండైంది. పోలమ్మ సరిచేసి కట్టింది. నెల తిరిగేసరికి సన్నాసి కట్టు కోసి పారేశాడు.

"అదేం పనిరా?"

"బుడ్డోడిది నెలకే విప్పేశావు కదత్తా! నాకన్నా వాడు బలవంతుడా?"

"వాడు పాలపళ్లవాడురా! ఎముక్కీ వయసుంటుందిరా నాయనా! ఎన్నిసార్లు చెప్పి చావను?"

వినలేదు. చెట్టెక్కబోయాడు. కాలు వంకరగా అతికింది. బతికినన్నాళ్లూ కుంటాడు. కుంటుతూనే, పోలమ్మ కట్టు మంచిది కాదని ఊరంతా చెప్పుకొచ్చాడు.

మూడోసారి వచ్చింది అసలు తంటా. ముసలి చిన్నమ్మి గడప దగ్గర కూలబడింది. తుంటి విరిగింది. పక్కన కోడలు గౌరి ఒక్కతే ఉంది. ఆ పొద్దున్నే అత్తాకోడళ్లకు మాటామాటా అయింది. ఇంకేముంది!

"కోడలే తోసింది. లేకపోతే నున్నటి నేల మీద ఎముకెలా విరుగుద్ది?" అన్నాడు ఊరిపెద్ద.

"నేను తోయలేదు మావా!"

"ఏమో, లేవబోయాను. చూస్తే నేల మీదున్నాను," అని మూలిగింది చిన్నమ్మి. ఎవరికి పట్టింది?

గౌరి చంకలో పసిపిల్ల. "పిల్ల మాది. దింపేసి పుట్టింటికి పో," అన్నారు. మొగుడు మొహం తిప్పుకున్నాడు.

అప్పుడొచ్చింది పోలమ్మ, మూడు పుల్లలు పట్టుకుని. పచ్చి వేపపుల్ల వంచింది. చీలింది గాని ఊడలేదు. "ఇది పిల్లాడు." ఎండు వెదురు మోకాలికేసి కొట్టింది. ఫట్టుమంది. "ఇది సన్నాసి." ఏడాదిగా చేలో ఎండి, వాననీటికి నాని, పురుగు తిన్న జొన్నదంటు ఊరిపెద్ద చేతికిచ్చింది.

"విరవకు బావా. ఊరికే పైకెత్తు."

ఎత్తాడు. దంటు నడిమికి విరిగి వేలాడింది. లోపల్నుంచి పొడి రాలింది.

"ఎవరు తోశారు దాన్ని? నువ్వేనా?"

ఊరిపెద్ద చేతికంటిన పొడి దులుపుకున్నాడు.

"పడి విరగలేదర్రా, విరిగి పడింది! ఎముక్కీ వయసుంటుంది!"

గౌరి ఇంట్లోనే ఉంది. పిల్ల చంకలోనే ఉంది. మరి ఊరికి బుద్ధొచ్చిందా? ఎక్కడిది! ఏడాది తిరక్కుండా ఇంకో ఇంట్లో అదే మాట, ఇంకో గుమ్మంలో అదే దంటు.

పోలమ్మా ముసలిదైంది. ఒకనాడు మంచం మీంచి లేవబోతే తుంటి పుటుక్కుమంది. జనం మూగారు. పక్కనే ఉన్న పోలమ్మ కోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడే ఎవరో గుసగుస మొదలెట్టారు. పోలమ్మ పళ్లు బిగించింది.

"నా కాలు తర్వాత చూద్దురు గాని. ముందు దంటు తెండి."

పడుకునే విరిచింది. "నన్నెవరూ తోయలేదు. ఈసారన్నా గుర్తుపెట్టుకోండర్రా. మళ్లీ చెప్పడానికి నేనుండను."

ఆ మంచం మీంచి మళ్లీ లేవలేదు.

ఇప్పటికీ ఆ ఊళ్లో కట్టు విప్పమని ఎవరైనా మారాం చేస్తే, "ఎముక్కీ వయసుంటుంది," అంటారు. ముసలివాళ్లెవరైనా పడితే, ముందొచ్చినవాళ్లు గుమ్మంలో జొన్నదంటు విరిచి, "ఎవరూ తోయలేదు," అని గట్టిగా అంటారు. కోడలికి గుక్కెడు మంచినీళ్లిస్తారు. ఆ తర్వాతే లోపలికి పోతారు.