బోర్లాపడిన పడవ

పరమేశయ్యగారు ఎవరు ఏమడిగినా వెంటనే జవాబిచ్చేవారు కాదు. శిష్యుడు మృత్యుంజయుడికి అదే మింగుడుపడేది కాదు. ఆ ఉదయం సముద్రపుటొడ్డున నడుస్తూ అతడు అడిగాడు: “గురువుగారూ, చెంబు నిలబెడితే ఒక ఆకారం, బోర్లిస్తే మరొకటి, పైనుంచి చూస్తే వట్టి గుండ్రం. అయినా అది చెంబేనని మనసు ఎలా గుర్తుపడుతుంది?”

ఆయన విని ముందుకు నడిచారు.

కాస్త ముందుకెళ్తే జాలర్లు గుంపుగా నిలబడి ఉన్నారు. వేటకు వెళ్ళిన ఎర్రన్న నిన్నటి గాలివానకు తిరిగి రాలేదు. అతని భార్య నూకాలు, ఎంతమంది కూర్చోమన్నా వినకుండా, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలుచుంది.

అంతలో దూరంగా అలల మధ్య నల్లటి మూపులాంటిది తేలి, మునిగి, మళ్ళీ తేలింది. చచ్చిన పెద్ద చేప అన్నారొకరు. కొట్టుకొచ్చిన మాను అన్నారు ఇంకొకరు. మృత్యుంజయుడికీ మానులాగే కనిపించింది.

“మా పడవే! బోర్లాపడిపోనాది. బేగి ఎల్లండి!” నూకాలు కేక పెట్టింది.

పెద్దజాలరి తటపటాయించాడు. కెరటాలింకా తగ్గలేదు. ఒక మాను కోసం నలుగురిని పంపడమా? నూకాలు ఆయన చెయ్యి పట్టుకుంది. “ఆడు దాన్నట్టుకునే ఉంటాడు మావా.”

ఆయన నలుగురిని పిలిచాడు. అందరూ కలిసి ఒడ్డునున్న ఇంకో పడవను నీళ్ళలోకి తోశారు. మృత్యుంజయుడూ ఒక చెయ్యి వేశాడు.

చాలాసేపటికి ఎర్రన్నను తీసుకొచ్చారు. పెదవులు పగిలిపోయాయి, ఒళ్ళంతా ఉప్పు తేలింది, కానీ ప్రాణముంది. నడుముకు తాడు బిగించుకుని, తిరగబడిన పడవ మీదే వేలాడాడట. నూకాలు కొంగుతో అతని మొహం తుడిచింది. తర్వాత లేచి సముద్రానికి మొక్కింది, వెళ్ళి తెచ్చినవాళ్ళకు మొక్కింది, మృత్యుంజయుడికీ మొక్కింది. ఒక్క చెయ్యి వేసినందుకే తనకు మొక్కడమెందుకని అతడు సిగ్గుపడ్డాడు. కళ్ళు మాత్రం చెమర్చాయి.

“అమ్మా, అంత దూరాన, అలా తిరగబడి ఉంటే ఎలా పోల్చావు?” అని అడిగాడు.

నూకాలుకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. “మాది కాదేటి బాబూ?” అంది.

తిరుగుదారిలో గురువుగారు పొద్దుటి ప్రశ్న ఎత్తారు.

“తలకిందులై వచ్చినా మనల్ని గుర్తుపట్టేవాళ్ళు ఎవరో ఒకరుంటారు నాయనా,” అన్నారు. “ముందు వాళ్ళను తలుచుకో, చెంబు సంగతి తర్వాత.”