సింగారమ్మ పనిముట్లు

అనగా అనగా, మామిడిపూత వాసన కోటగోడలు దాటి వీధుల్లోకి వచ్చే పూలకోన అనే రాజ్యం ఒకటుండేది. దానికి కుసుమకేతుడు రాజు. మనసు మంచిదే కానీ, మాట ఇచ్చే ముందు ఆలోచించే అలవాటు మాత్రం లేదు.

ఏటా వసంతం రాగానే ఆయన ఒక రోజు తన ఉద్యానవనం తలుపులు తెరిపించేవాడు. "పనిచేసి అలసినవాళ్లందరూ రండహో! మీ పనిముట్టు ద్వారం దగ్గర అప్పగించి లోపలికి వెళ్లండహో! సాయంత్రం దాకా దాన్ని కాపాడే పూచీ రాజుగారిదహో!" అని దండోరా వేయించేవాడు. లోపల ఉయ్యాలలు, రంగునీళ్ల వసంతాలు, వేడివేడి బూరెలు! రైతు కొడవలి ఇచ్చి వెళ్లేవాడు. కంసాలి సుత్తి ఇచ్చి వెళ్లేవాడు. నేతగాడు ఓబన్న మగ్గంలో నూలు నడిపే నాడె ఇచ్చి వెళ్లేవాడు.

ఓబన్న భార్య సింగారమ్మ మాత్రం ఇంట్లోనే ఉండిపోయేది. ఆమెకు ముగ్గురు పిల్లలు. పెద్దది చుక్క, నోరు తెరిస్తే ప్రశ్నే. నడిపివాడు బుడ్డన్న, ఎత్తు కనబడితే ఎక్కాల్సిందే. చంటిది పూలి, చంక దిగితే ఏడుపే. తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా సింగారమ్మకు నడుం వాల్చే తీరిక లేదు. కోయిల కూసిందా, ఆమె ప్రాణమంతా ఆ తోట మీదికే పోయేది. ఒక్క రోజు చాలు! ఎవరూ "అమ్మా" అని పిలవని ఒకే ఒక్క రోజు!

ఒక ఏడు ధైర్యం చేసి, పిల్లల్ని వెంటేసుకుని, గరిట పట్టుకుని ద్వారం దగ్గరికి వెళ్లింది.

"గరిట వంటవాళ్లదమ్మా. నువ్వు రాజుగారి వంటశాలలో ఉన్నావా? లేవు కదా, పో!" అన్నాడు ద్వారపాలకుడు వీరప్ప.

మరుసటేడు చీపురు తెచ్చింది.

"చీపురు కోట ఊడ్చేవాళ్లది. అయినా ఇంట్లో ఊరికే కూర్చునేదానికి సెలవెందుకమ్మా?" అని వీరప్ప మీసం దువ్వాడు. వరసలో నిలబడ్డవాళ్లంతా నవ్వారు. వాళ్లలో ఓబన్న కూడా ఉన్నాడు. సింగారమ్మకు గుండెలో చురుక్కుమంది.

మూడో ఏడు ఆమె ఓబన్న వెళ్లేదాకా ఆగి వచ్చింది.

"ఈసారి ఏ పనిముట్టు తెచ్చావమ్మా?" అన్నాడు వీరప్ప వెటకారంగా.

"ఒకటి కాదు బాబూ, మూడు తెచ్చాను. పొద్దస్తమానం నేను పనిచేసేది వీళ్లతోనే" అంటూ పూలిని అతని చేతుల్లో పెట్టింది. "ఇచ్చినవి ఇచ్చినట్టు సాయంత్రం తీసుకుంటాను. పూచీ రాజుగారిది!"

వీరప్ప తేరుకునేలోగా ఆమె లోపలికి తుర్రుమంది!

ఇక చూడాలి తమాషా! పూలి కేరుమంది. బుడ్డన్న తోట తలుపెక్కాడు. "మామా, మీసాలు మొలిచేటప్పుడు నొప్పి పుడుతుందా?" అని చుక్క అడిగింది. గడియ తిరక్కుండానే వీరప్ప మంత్రిగారి కోసం పరుగెత్తాడు.

"పసివాళ్లే కదయ్యా!" అంటూ మంత్రి పూలిని ఎత్తుకున్నాడు. పట్టుబట్టలు తడిసిపోయాయి. "తాతా, ఆకాశం ఎక్కడ అయిపోతుంది?" అని చుక్క అడిగింది. ఆయన ఆలోచనలో పడ్డాడు. ఆయన తేరుకునేసరికి బుడ్డన్న ఏనుగుల సాల కప్పు మీద ఉన్నాడు!

చేసేది లేక రాజుగారికి కబురు పంపారు. మాట ఇచ్చినవాడు ఆయనే కదా! కుసుమకేతుడు ఒకర్ని దించాడు, ఒకర్ని ఎత్తాడు, ఒకరి వెంట పడ్డాడు. ఒళ్లంతా చెమటలు పట్టి నేల మీద చతికిలబడి, "ఇక అయిపోయినట్టేనా తల్లీ?" అని చుక్కను అడిగాడు.

"అప్పుడేనా? ఇంకా స్నానాలే కాలేదుగా!" అంది చుక్క.

అక్కడ తోటలో సింగారమ్మ ఉయ్యాల ఎక్కి ఊగింది, ఊగింది, పొగడకొమ్మలు కాళ్లకు తగిలేదాకా ఊగింది! ఒక బూరెను ఎవరికీ పెట్టకుండా, వేడి ఆరకముందే, మొత్తం తానే తింది. చెట్టు కింద పడుకుని, ఎవరూ లేపకుండా తనంతట తానే మేలుకుంది. అలా మేలుకుని ఆరేళ్లయింది. ఆ సంతోషానికి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

సాయంత్రం ఓబన్న నాడె తీసుకోవడానికి వచ్చి కొయ్యబారిపోయాడు. రాజుగారి చంకలో తన చంటిది!

"అమ్మా, ఇదంతా రోజూ ఒక్కదానివే చేస్తున్నావా?" అని రాజు, అప్పుడే తోటలోంచి వచ్చిన సింగారమ్మను అడిగాడు.

"ఒక్కదాన్నే ప్రభూ. రేపూ చేస్తాను, ఇష్టంగానే చేస్తాను. కానీ అలసిపోతాను. నాకూ ఏడాదికి ఒక రోజు కావాలి."

కుసుమకేతుడు వీరప్ప వైపు తిరిగాడు. "వచ్చే ఏటి నుంచి పిల్లల తల్లులనే ముందు లోపలికి పంపు. వాళ్లను ఏ పనిముట్టూ అడగకు. ఆ రోజు పిల్లల్ని ఇంట్లో తండ్రులు చూసుకుంటారు."

ఓబన్న తల వంచుకుని ముందుకొచ్చి, రాజుగారి చంకలోంచి పూలిని అందుకున్నాడు. పూలి గుక్కపట్టింది.

"ఎలా ఎత్తుకోవాలే దీన్ని?" అని మెల్లిగా అడిగాడు భార్యను.

సింగారమ్మ పకపకా నవ్వి, దగ్గరుండి నేర్పింది.

చూశారా పిల్లలూ, ఇంట్లో జరిగే పని కంటికి కనిపించదు. ఒక్క పూట మన చేతులతో చేసినప్పుడే దాని బరువూ, చేసేవారి విలువా తెలుస్తాయి.