రాతిపువ్వు పూయని రాళ్లు

ఎర్ర కొండల మధ్య ఒక లోయ ఉంది. ఎప్పుడో భూమి అక్కడ నిలువునా చీలింది. ఆ చీలిక పొడుగునా నుజ్జయిన రాతిని ఏరు కోసుకుంటూ, కోసుకుంటూ లోతుకు దిగింది. ఇవతలి గట్టున ఒక కొండమేక, అవతలి గట్టున దాని అక్క. పోయిన ఎండాకాలం మేత కోసమని ఏటిలోని రాళ్ల మీదుగా ఇటు వచ్చింది మేక. తర్వాత వరదకు ఆ రాళ్లు కొట్టుకుపోయాయి. అప్పటి నుంచి రోజూ పొద్దు వాలేవేళ అక్క అటు నుంచి అరుస్తుంది, చెల్లెలు ఇటు నుంచి బదులిస్తుంది. గొంతు వినబడుతుంది గానీ మొహం కంటికి ఆనదు. ఆ బెంగతో మేకకు పచ్చగడ్డి కూడా సయించడం లేదు.

ఇది నక్క పసిగట్టింది.

“ఏం కోడలా, అక్క మీద బెంగా? మా ఇంటికి రా. ఏరు దాటే దారి చూపిస్తా.”

నక్క కాపురం కొండవంక దిగి వచ్చి ఏట్లో కలిసేచోట, రాళ్ల దిబ్బ మీద. ఆ నక్కకు తన మాంసం మీద ఎంత బెంగో మేకకు తెలియకపోలేదు. అయినా అక్క పేరు వినగానే కాళ్లు ఆగలేదు.

దిబ్బ ఏట్లోకి సగం దాకా పొడుచుకొచ్చి ఉంది.

“చూశావా, సగం దారి నేనే వేయించా. మిగతా సగం రేపు. ఈ పూటకి లోపల నడుం వాల్చు” అంది నక్క.

మేక రాళ్లను మూతితో తడిమింది. బండలకు బూడిదరంగు పొరలా అంటుకునే రాతిపువ్వు పట్టని రాయి మీద మేకలు పడుకోవు. అది వాటి ఆచారం.

“మామా, వీటికి రాతిపువ్వే లేదే?”

“శుభ్రంగా ఉంచుకుంటాం మరి! మీ మేకల కొంపలనుకున్నావా?”

“శుభ్రం కాదు మామా, ఏళ్ల తరబడి కదలని రాయికే రాతిపువ్వు పడుతుంది. ఇవి నిరుడు దిగిన రాళ్లు. పైన చీలిక దగ్గర కొండంతా పిండి పిండిగా ఉంది. వాన పడితే బురదా బండలూ కలిసి ఈ వంకలోంచే వస్తాయి. అదిగో, పైన కురుస్తోంది. నువ్వూ గట్టెక్కు.”

“తప్పించుకోవడానికి ఎన్ని కబుర్లు!” నక్క పడీ పడీ నవ్వింది. మేక చెంగున పైకి పోయింది. దిగిరాకపోతుందా అని నక్క గుమ్మంలోనే కూర్చుంది.

కాసేపటికే వంక గర్జించింది. బురద, బండలు, చెట్ల మొద్దులు ఒక్క ఊపున వచ్చి ఇల్లూ వాకిలీ ఊడ్చేశాయి. నక్క బురద ముద్దయి, ఏటి మధ్య ఒంటి బండ మీద తేలింది.

“కోడలా! దారి చూపించవే!”

“మిగతా సగం రేపు మామా” అంది మేక.

వాన వెలిశాక చూస్తే, కొత్తగా దిగిన బండలతో దిబ్బ ఏట్లోకి ఇంకాస్త పెరిగింది. మేక దాని కొస దాకా నడిచింది. అక్క అటు నీళ్ల అంచుకు దిగి వచ్చింది. ఇన్నాళ్లకు మొహం ఆనింది. అక్క చిక్కిపోయింది. మధ్యలో ఇంకా నాలుగు గెంతుల నీళ్లున్నాయి. ఇద్దరూ పొద్దుగూకేదాకా ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు. పడుకోవడానికి మాత్రం మేక రాతిపువ్వు ఉన్న పాత బండ మీదికే వెళ్లింది.

తన కాళ్ల కింది నేల ఎక్కడిదో అడగనివాడు ఎవరికీ దారి చూపలేడు.