జకరయ్యగారి వేలు నడిచిన దారి

ఒక సంస్థానంలో ప్రార్థన మందిరం ఊడ్చే లేయమ్మ ఉండేది. భర్త పోయాక ఆమెకి మిగిలిందల్లా ఒక జామతోట. దాని మీద జకరయ్య పండితుడి కన్ను పడింది.

ఆయన పెద్ద హీబ్రూ బైబిలు చంకన పెట్టుకుని దివానుగారి దగ్గరికి వెళ్ళాడు.

"తెలుగు తర్జుమాలో సరిగ్గా రాలేదండీ. మూలభాషలో అయితే, విధవరాలి తోట పండితుడికే చెందాలని స్పష్టంగా ఉంది," అన్నాడు.

దివానుగారు లేయమ్మని పిలిపించారు. ఆయనకి ఆ భాష రాదు. లేయమ్మకి అసలు చదువే రాదు. అయినా ఆమె చేతులు కట్టుకుని, "పండితులుగారూ, నా తోట ఏ మాట దగ్గర పోయిందో కళ్ళారా చూసుకుంటాను. కాస్త వేలు పెట్టి చదవండి," అంది.

జకరయ్య ఎడమ నుంచి కుడికి వేలు జరుపుతూ గడగడా చదివేశాడు.

"దొరా, పోయిన పాదిరిగారు ఇదే పుస్తకం చదువుతుంటే ఇరవయ్యేళ్ళు దీపం పట్టుకున్నాను. ఆయన వేలు ఎప్పుడూ కుడి నుంచి ఎడమకే నడిచేది," అంది లేయమ్మ.

నిజమే మరి, హీబ్రూ రాత అలాగే నడుస్తుంది.

పండితుడు గబుక్కున వేలు గుప్పిట్లో దాచుకున్నాడు. దివానుగారు నవ్వి, తోట లేయమ్మదేనన్నారు.

"ఆయన్నేమీ అనకండి దొరా," అంది లేయమ్మ. "ఎదురు నడిచారు గనక నా తోటలో తేలారు. ఈసారి సరైన వైపు నడిస్తే వాళ్ళింటికే చేరతారు."